సన్నాయి ఆయన ముందుపన్ను

క్యాంపు చివరి రోజున నాకు తప్ప అందరికీ సర్టిఫికెట్లు ఇచ్చారు. భోజనాలు వడ్డించినవాళ్ళకీ ఇచ్చారు, కుర్చీలు సర్దినవాళ్ళకీ ఇచ్చారు. మా చుట్టాల్లో ఎవరైనా ఆ సంగతి ఎత్తితే ఇప్పటికీ నా వైపు జాలిగా చూస్తారు. ఆ జాలి నాకు అక్కర్లేదు. మళ్ళీ ఆ అయిదో రోజు వస్తే మళ్ళీ అదే పని చేస్తాను. ఈసారి ఇంకాస్త ముందే చేస్తాను.

అప్పుడు నేను బీడీఎస్ మూడో సంవత్సరం పరీక్షలు రాసి సెలవులకు నందిగామ వచ్చాను. మా నాన్న స్కూలు టీచరు. జగ్గయ్యపేటలో సిమెంటు, ఇనుము వ్యాపారం చేసే ఒక పెద్దాయనతో నాన్నకు చాలాకాలంగా పరిచయం. ఆ పెద్దాయన విదేశం నుంచి వైద్య విద్యార్థుల బృందాన్ని రప్పించి, పేటలో ఒక ఫంక్షన్ హాల్లో పది రోజులు ఉచిత వైద్య, దంత శిబిరం పెట్టిస్తున్నాడు. "మీ అమ్మాయి పళ్ళ డాక్టరు చదువుతోందిగా మాస్టారూ, వాళ్ళకి తెలుగు చెప్పడానికి పంపించండి" అని అడిగాడట. నాన్న నాతో ఒక్క మాటైనా అనకుండా సరేననేశాడు. తెలిశాక నేనూ ఎగిరి గంతేశాను. విదేశీ ప్రొఫెసరు సంతకంతో ఒక కాగితం చేతికొస్తే పై చదువులకు బయటికి వెళ్ళేటప్పుడు పనికొస్తుందని నా ఆశ. సేవాభావంతో వెళ్ళానని అబద్ధం చెప్పను.

రోజూ పొద్దున్నే నందిగామ బస్టాండులో బస్సెక్కేదాన్ని. బస్సు హైవే దిగి పేటలోకి తిరిగేసరికే ఒళ్ళంతా చెమట. హాల్లో వేదిక మీద పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు కూర్చునే రెండు సింహాసనాల కుర్చీలు అలాగే ఉండేవి. వాటి వెనక ఏదో జంట పేర్లు థర్మాకోలు అక్షరాల్లో, సగం ఊడిపోయి. వేదిక కింద కుడి పక్కన బీపీలు, షుగర్లు, మోకాళ్ళ నొప్పులు చూసేవారు. ఎడమ పక్కన పళ్ళు. మావి నాలుగు మడత కుర్చీలు, స్టాండు లైట్లు, చేత్తో పట్టుకుని తీసే ఎక్స్‌రే మిషను ఒకటి. కూలర్లు నాలుగు దిక్కులా గాలి కంటే మోతే ఎక్కువ చేసేవి. బయట షామియానా కింద జనం. నందిగామ, చందర్లపాడు వైపు నుంచి ఆటోల్లో వచ్చినవాళ్ళు, బోర్డరు అవతల కోదాడ వైపు నుంచి "పన్ను మస్తు గుంజుతాంది బిడ్డా" అంటూ వచ్చినవాళ్ళు.

పళ్ళ వైపు ఆరుగురు విదేశీ విద్యార్థులు, వాళ్ళ మీద ఒక ప్రొఫెసరమ్మ. తెలుగు చెప్పే పనిలో నాతోపాటు ఇంకో ముగ్గురు ఉండేవారుగానీ, పళ్ళ చదువు చదివింది నేనొక్కదాన్నే. నన్ను ఒక అమ్మాయికి జత చేశారు. నా కంటే ఒక ఏడాది చిన్నది, మంచిది, చలాకీది. మూడు రోజుల్లో "నొప్పి", "నోరు తెరవండి", "ఉమ్మండి" నేర్చేసుకుంది. మా అమ్మ నా కోసం కట్టిన పప్పన్నం డబ్బాలో సగం ఆమే తినేది. ఆమెను స్నేహితురాలు అనే అంటాను, ఆ తర్వాత ఏం జరిగినా సరే.

పని ఒక వరుసలో జరిగేది. మనిషి కూర్చోగానే ఏం బాధో నేను అడిగి ఇంగ్లీషులో చెప్పాలి. ఆమె నోట్లో చూస్తుంది, కావాలంటే ఎక్స్‌రే తీస్తుంది, ప్రొఫెసరమ్మ వచ్చి ఒక చూపు చూసి తలూపుతుంది. తర్వాత ఫారం. పేరు, ఊరు, వయసు, వృత్తి, చివర్లో పేషెంటు ఒప్పుకున్నట్టు ఒక గడి. వృత్తి దగ్గర మేమంతా అడక్కుండానే కూలీ అని రాసేసేవాళ్ళం. ఆ హాల్లోకి వచ్చినవాళ్ళందరూ కూలీలేనని మాకెవరు చెప్పారో తెలీదు. లైను పొడుగ్గా ఉండేది, చేతికి అదే అలవాటైపోయింది.

ఇక ఒప్పుకున్నట్టు గడి. "ఈ పన్ను తీసేద్దామంటున్నారు, తీయమంటారా?" అని అడిగితే మావాళ్ళు తీయమనరు, వద్దనరు. "మీ ఇష్టమండి" అంటారు. "మీకు తెలియందేవుంది" అని ఇంకో మాట కలుపుతారు. ఆసుపత్రిలోకి వచ్చాక సొంత ఇష్టం చెప్పడమంటే డాక్టరు చదువును శంకించినట్టేనని మా వైపు లెక్క. బట్టల కొట్లో చీర కోసం కొట్టువాణ్ణి ఏడిపించే మనిషి, ఎరువుల కొట్టు దగ్గర గొంతు చించుకుని పోట్లాడే మనిషి, తెల్లకోటు కనపడగానే చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాడు. నేనూ ఆ ఇళ్ళలో పుట్టినదాన్నే. ఆ మాటలో ఒప్పుకోలు లేదనీ, అది వట్టి మర్యాదనీ నాకు బాగా తెలుసు. తెలిసి కూడా మొదటి నాలుగు రోజులు "సరేనంటున్నారు" అని ఒక్క ముక్కలో ఇంగ్లీషులోకి దించేశాను. ఆమె గడిలో టిక్కు పెట్టేది. పట్టకారు అందుకునేది.

ఇంకోటి చెప్పాలి. వాళ్ళలో ఎవరైనా మొదటిసారి పన్ను తీస్తే మిగతావాళ్ళంతా చుట్టూ చేరి చప్పట్లు కొట్టేవారు. ఫొటో తీసుకునేవారు. నోట్లో దూది కరుచుకుని కూర్చున్న ముసలాయన, తన ధైర్యానికి కాబోలు కొడుతున్నారనుకుని, సిగ్గుపడుతూ దణ్ణం పెట్టేవాడు. మొదటి రోజు నేనూ కొట్టాను.

మూడో రోజు చందర్లపాడు నుంచి ఒకావిడ వచ్చింది. నలభై ఏళ్ళుంటాయేమో. మిరపకాయల కోతకు పోయే మనిషి, వేళ్ళ చివర్లు ఎర్రగా మంటెక్కి ఉన్నాయి. కింది దవడలో పెద్ద పన్ను, నడినెత్తిన పుచ్చు. "మీ ఇష్టమమ్మా" అంది. తీసేశారు. నా స్నేహితురాలికి అది మొదటి దవడపన్ను. చప్పట్లు మోగాయి. ఆవిడ లేచి, కాగితంలో చుట్టిచ్చిన పన్ను విప్పి అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత నా దగ్గరికొచ్చి, దూది అడ్డం పడుతుంటే నోరు వంకర పెట్టుకుని అడిగింది.

"ఇది పీకకపోతే కుదిరేది కాదు కదమ్మా?"

"కుదరదు పిన్నిగారూ" అన్నాను.

అబద్ధం. ఆ పుచ్చు నింపితే సరిపోయేది. నింపే మందు మా దగ్గర పెట్టెలో ఉంది కూడా. నింపడానికి ఒక్కొక్కరికీ చాలాసేపు పడుతుంది, పీకడానికి కొద్దిసేపు చాలు. లైను కదలాలి.

సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని నాలుకతో నా కింది పన్నునే తడుముకుంటూ వచ్చాను. సరిగ్గా అదే పన్ను. దానికి అంతకంటే పెద్ద పుచ్చు ఉండేది. కాలేజీలో నా పక్క సీటు అమ్మాయి శ్రద్ధగా నింపింది. నాది పీకుదామని ఎవరూ అనలేదు, అంటే నేను ఊరుకునేదాన్నీ కాదు. నా పన్నుకు ఒక న్యాయం, ఆవిడ పన్నుకు ఒక న్యాయం. సిగ్గేసింది. ఆవిడ ఊరు తెలుసు, పేరు ఫారంలో ఉంది. వెళ్ళి నిజం చెప్పి ఉండొచ్చు. వెళ్ళలేదు. ఈ కథలో నేను గొప్పదాన్నని ఎవరైనా అనుకుంటే ఈ ముక్క దగ్గర ఆగి ఇంకోసారి చదువుకోండి.

నాలుగో రోజు మధ్యాహ్నం నేనూ నా స్నేహితురాలూ హాలు వెనక మెట్ల మీద కూర్చుని మామిడికాయ ముక్కలు ఉప్పుకారంలో అద్దుకు తింటున్నాం. ఆమెకు కళ్ళెంట నీళ్ళు కారుతున్నా వదలడం లేదు.

"మీ కాలేజీలో ఇప్పటికి ఎన్ని పళ్ళు తీశావు?" అని మామూలుగానే అడిగాను.

"ఒక్కటీ లేదు" అంది. "ఇంకో రెండేళ్ళదాకా మనిషి నోట్లో చెయ్యి పెట్టనివ్వరు. అప్పటిదాకా ప్లాస్టిక్ తలకాయల మీదే. అందుకే కదా ఇక్కడికి రావడానికి అంత పోటీ."

ఆమె అందులో దాచుకోవలసింది ఏమీ లేదన్నట్టే చెప్పింది. వాళ్ళ ఊళ్ళో ప్లాస్టిక్ తలకాయ తర్వాతి మెట్టు ఏమిటో నాకు అప్పుడర్థమైంది. చందర్లపాడు. నా నోట్లో మామిడి ముక్క అలాగే ఉండిపోయింది. ఇంటికెళ్ళేదాకా పళ్ళు పటపట కొరుకుతూనే ఉన్నాను. రేపటి నుంచి ఎంత లైనున్నా సరే, ప్రతి మనిషినీ రెండు ప్రశ్నలు ఎక్కువ అడగాలని గట్టిగా అనుకున్నాను.

అయిదో రోజు ఆయన వచ్చాడు.

యాభై అయిదు దాటి ఉంటాయి. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, అంచు పంచె, వేలికి రాగి ఉంగరం. కంచికచర్ల అవతల చెవిటికల్లు నుంచి వచ్చానన్నాడు. అంత దూరం నుంచి ఎందుకొచ్చారంటే, ఈ హాలు మేనేజరు ఫోన్ చేసి చెప్పాడన్నాడు. పైపెదవి కింద వాపు. ముందుపళ్ళు రెండింటిలో కుడిది ముట్టుకుంటే ఉలిక్కిపడుతున్నాడు. ఎప్పుడో బండి మీద నుంచి పడితే దెబ్బ తగిలిందట, నాలుగు రోజుల నుంచి నొప్పి భరించలేకపోతున్నాడట. ఎక్స్‌రే తీశాం. వేరు కొసన చీము చేరిన నల్ల మచ్చ. కానీ వేరు పొడుగ్గా ఉంది, చుట్టూ ఎముక గట్టిగా ఉంది. లోపల శుభ్రం చేసి నింపితే ఇంకా ఏళ్ళ తరబడి ఉండే పన్ను. ప్రొఫెసరమ్మ పక్క కుర్చీ నుంచే ఫిలిం మీద ఒక చూపు వేసి, తీసేయమని చేత్తో సైగ చేసింది.

నేను ఫారం తీశాను. పేరు రాశాను, ఊరు రాశాను, వయసు రాశాను.

"ఏం పని చేస్తారు బాబాయిగారూ?"

"సన్నాయి వాయిస్తానమ్మా" అన్నాడు. వాచిన పెదవితోనే కొంచెం నవ్వి, వేదిక వైపు గడ్డం ఎత్తి చూపించాడు. "ఇదిగో, ఈ హాల్లోనే ఎన్ని పెళ్ళిళ్ళు వాయించానో. అదుగో, ఆ మూల కూర్చుంటాం మేం."

నా చేతిలో పెన్ను ఆగిపోయింది.

"మరి ముందుపన్ను తీసేస్తే ఎట్టా వాయిస్తారు?"

ఆయన వాచిన పెదవి తడుముకున్నాడు. "ఇంకేం వాయిస్తానమ్మా. పెదవికి ఆనుడు ఉండదు. గాలి నిలవదు. మా పెదనాన్నకి అట్టాగే పోయింది. తర్వాత ఆయన డోలు పక్కన తాళం వేసుకుంటూ కూర్చున్నాడు."

"మరి ఆ మాట చెప్పరేంటండీ!"

"డాక్టర్లకి మనం చెప్పేదేవుంటదమ్మా? మీరు చదువుకున్నోళ్ళు. మీ ఇష్టం."

నాలుగు రోజులుగా నేను ఒక్క ముక్కలో తేల్చేసిన మాట అది. ఈసారి నాకు ఒళ్ళు మండింది. ఆయన మీద మండింది, నా మీద మండింది, ఆ గడి మీద మండింది. "నా ఇష్టం అడగట్లేదు బాబాయిగారూ. పన్ను మీది. ఉంచుకుంటారా, తీయించుకుంటారా? ఏదో ఒకటి మీ నోటితో చెప్పండి" అన్నాను. ఆయన బెదిరిపోయి నా మొహం, నా స్నేహితురాలి మొహం మార్చి మార్చి చూశాడు. తర్వాత, తప్పు ఒప్పుకుంటున్నవాడిలా గొంతు తగ్గించి, "ఉంటే బావుండునమ్మా" అన్నాడు.

నేను వృత్తి దగ్గర సన్నాయి విద్వాంసుడు అని పెద్ద అక్షరాలతో రాశాను. ఒప్పుకున్నట్టు గడిలో కొట్టేశాను. నా స్నేహితురాలికి విషయం చెప్పాను. సన్నాయి అంటే ఏమిటో ఆమెకు తెలీదు. నోటితో ఊదే వాద్యమని, పెళ్ళిలో అది లేకపోతే తాళి కట్టరని చెప్పాను. ఆమె ఆయన పెదవుల వైపు ఒకసారి చూసి, మారు మాట్లాడకుండా పట్టకారు ట్రేలో పెట్టేసింది. ఆమె తప్పేమీ లేదని అనను. కానీ ఆ పూట ఆ హాల్లో నేను చెప్పింది వెంటనే విన్న మనిషి ఆమె ఒక్కతే.

ప్రొఫెసరమ్మ వచ్చింది. ఆవిడ చెడ్డది కాదు, అదే నా బాధ. నెమ్మదిగానే చెప్పింది. "ఇక్కడ వేరు వైద్యం చేసే సామాన్లు లేవు. లోపల చీముంది. ఈ ఎండల్లో అది మొహానికి ఎక్కితే ప్రాణం మీదికొస్తుంది. విజయవాడ పంపిస్తే వెళ్తానంటాడు, వెళ్ళడు. నేను ఎన్నో దేశాల్లో చూశాను, ఎవరూ వెళ్ళరు. ఉన్నదాంట్లో మంచి పని తీసేయడమే."

"నేను తీసుకెళ్తాను" అన్నాను.

"ఏమైనా జరిగితే?"

"నాదే పూచీ."

అనేశాను. పూచీ అంటే ఏమిటో అప్పటికి నాకు తెలీదు. మర్నాడు తెలిసింది.

ఈలోగా ఎవరో వెళ్ళి చెప్పారు, పెద్దాయన వచ్చేశాడు. లైనంతా మా వైపే చూస్తోంది. "ఏంటమ్మాయ్ గొడవ? నువ్వు తెలుగు చెప్పడానికొచ్చావా, తీర్పులు చెప్పడానికొచ్చావా?" అన్నాడు. నేను చెప్పబోతే చెయ్యెత్తి ఆపి, నేరుగా కుర్చీలో ఉన్నాయన్నే అడిగాడు. "ఏవయ్యా, తీయించుకుంటావా లేదా? వెనకాల జనం ఉన్నారు."

సన్నాయి ఆయన కుర్చీలోంచి సగం లేచి నిలబడ్డాడు. మెడలో కట్టిన కాగితపు తువ్వాలు వేలాడుతోంది.

"మీ ఇష్టం బాబుగారూ" అన్నాడు.

పెద్దాయన నా వైపు తిరిగి, విన్నావుగా అన్నట్టు చూశాడు. నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే అక్కడితో అయిపోయేది. ఏడవలేదు. హాలు గుమ్మానికి కట్టిన బ్యానరు మీద ఒక స్థానిక దంతవైద్యుడి పేరు ఉంది. ఆయన మొదటి రోజు రిబ్బను కత్తిరించి, టీ తాగి వెళ్ళాడు, మళ్ళీ కనపడలేదు. నేను నలుగురికీ వినపడేలా అడిగాను.

"అంకుల్, మన దేశంలో పన్ను తీయడానికి రిజిస్ట్రేషన్ ఉన్న డాక్టరు ఇప్పుడీ హాల్లో ఎవరున్నారండీ? ఆయన్ని పిలిపించండి. ఆయన తీయాలంటే తీయమనండి, నేను పక్కకి తప్పుకుంటా."

పెద్దాయన గుమ్మం వైపు చూశాడు. ప్రొఫెసరమ్మను నేనే అదే ప్రశ్న ఇంగ్లీషులో అడిగాను. ఆవిడ మొహం ఎర్రబడింది. స్థానిక డాక్టరు ప్రతిరోజూ వస్తాడని తనకు చెప్పారంది. పెద్దాయన పళ్ళు బిగించి "మీ నాన్నతో మాట్లాడతా" అన్నాడు. "మాట్లాడండి" అన్నాను. సన్నాయి ఆయన మెడలోంచి కాగితపు తువ్వాలు నేనే తీసేసి, చెయ్యి పట్టుకుని, కుడి పక్క వైద్యం వైపు తీసుకెళ్ళి చీముకు, నొప్పికి మాత్రలు రాయించాను. మర్నాడు పొద్దున కంచికచర్ల బస్టాపులో నిలబడితే నేను నందిగామలో ఎక్కే విజయవాడ బస్సులోనే ఎక్కొచ్చని చెప్పాను. ఆయన తలూపాడు. వస్తాడని నాకు నమ్మకం కలగలేదు.

నేను ఇంటికి చేరేసరికి నాన్నకు ఫోన్ వచ్చేసింది. కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నాడు.

"రేపు వెళ్ళి సారీ చెప్పు."

"చెప్పను నాన్నా."

"ఆయన మనకి కావలసిన మనిషి."

"ఆ సన్నాయాయన ఎవరికి కావలసిన మనిషి?"

నాన్న టీవీ సౌండు పెంచాడు. నా పెళ్ళి గురించి కూడా ఏదో అన్నాడు, పెద్దాయన దృష్టిలో ఏదో సంబంధం ఉందనో ఏమో, ఆ సౌండులో నాకు సరిగ్గా వినపడలేదు, వినాలనీ అనిపించలేదు. అమ్మ మాత్రం వంటింట్లోంచి, "ఇప్పుడు అన్నం తింటావా, మానేస్తావా?" అని నన్ను కసిరింది. నాలుగు ముద్దలు ఎక్కువే తిన్నాను.

మర్నాడు కంచికచర్లలో ఆయన ఉన్నాడు. పక్కన ఆయన భార్య. బస్సు కిటికీలోంచి ఆయన మొహం చూశాను. వాపు ముక్కు పక్క నుంచి కంటి కిందిదాకా ఎక్కింది. కుడి కన్ను సగమే తెరుచుకుంటోంది. ఆవిడ బస్సెక్కీ ఎక్కగానే నా మీద విరుచుకుపడింది.

"నువ్వేనా ఆ అమ్మాయివి? నిన్న పీకేస్తే ఈపాటికి తగ్గిపోను. ఈయనకేమన్నా అయితే పెళ్ళిళ్ళకి సన్నాయి నువ్వు వాయిస్తావా?"

పూచీ అంటే ఏమిటో ఆ గంటసేపూ తెలుస్తూనే ఉంది. ప్రొఫెసరమ్మ మాట నిజమైతే? నా కోపం కోసం ఒక మనిషి కన్ను పణంగా పెట్టానా? బస్సు ఇబ్రహీంపట్నం దాటేదాకా నేను ఆయన వైపు తిరిగి చూడలేకపోయాను. పీకించి పంపేసి ఉంటే ఈ భయం నాకు ఉండేది కాదు. భయమంతా ఆయనకే ఉండేది, అదీ జీవితాంతం ఉండేది. ఆ ఆలోచన రాగానే మళ్ళీ మొండితనం వచ్చింది. "పిన్నిగారూ, తిట్టండి, దిగేదాకా తిట్టండి. కానీ దిగాక నాతో లోపలికి రండి" అన్నాను. ఆవిడ నిజంగానే దిగేదాకా తిట్టింది.

విజయవాడ ప్రభుత్వ ఆసుపత్రి పళ్ళ విభాగంలో ఓపీ చీటీ కోసం ఒక లైను, కుర్చీ కోసం ఇంకో లైను. నా కంటే అయిదారేళ్ళు పెద్దదైన ఒక డాక్టరమ్మ చూసింది. పన్నుకు వెనక పక్క నుంచి చిన్న రంధ్రం వేసింది. చీము బయటికొచ్చింది. ఆయన కుర్చీలో పట్టుకున్న చేతులు వదిలేసి, "అమ్మయ్య" అన్నాడు. అయిదు రోజుల్లో మొదటిసారట నొప్పి తగ్గడం. డాక్టరమ్మ ఫిలిం లైటుకు పెట్టి చూసి, "పన్ను బావుంది, ఎముక బావుంది. సమయానికి తెచ్చారు. ఇంకోసారి రావాలి, అప్పుడు పూర్తిగా నింపేద్దాం" అంది. నేను గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాను. ఆయన భార్య చెంగులోంచి అరటిపండు తీసి నా చేతిలో పెట్టింది. క్షమించమని అడగలేదు, అడగాలని నేనూ అనుకోలేదు.

క్యాంపుకు నేను మళ్ళీ వెళ్ళలేదు, రావద్దన్నారు. తర్వాతి రోజుల్లో ఆ బ్యానరు మీది డాక్టరు రోజూ వచ్చి కూర్చున్నాడని, పుచ్చుపళ్ళు నింపే మందు పెట్టె కూడా తెరిచారని నా స్నేహితురాలు మెసేజ్ పెట్టింది. ప్రొఫెసరమ్మ పట్టుబట్టిందట. అది నా గెలుపని చంకలు గుద్దుకోను. మొదటి నాలుగు రోజుల పళ్ళు ఎలాగూ తిరిగిరావు.

రెండో విడతకు వాపంతా తగ్గాక వెళ్ళాం. ఈసారి ఆయన గడ్డం గీసుకుని, నుదుట బొట్టు పెట్టుకుని వచ్చాడు. డాక్టరమ్మ పన్ను నింపి, చక్కగా అరగదీసి, అద్దం చూపించింది. వారం రోజులు గట్టివి కొరకొద్దంది. ఆయన దణ్ణం పెట్టి బయటికొచ్చాడు. వరండాలో బెంచీల నిండా జనం, చీటీలు పట్టుకుని నిలబడ్డవాళ్ళు ఇంకా కొందరు. ఆయన ఇంటి దారి పట్టలేదు. కిటికీ దగ్గర ఆగి, చొక్కా జేబులోంచి చిన్న డబ్బీ తీశాడు. అందులో సన్నాయి మొనకు బిగించే రెల్లు ముక్క. దాన్ని నోట్లో పెట్టుకుని తడిపాడు, పెదవులు బిగించాడు, ఊదాడు.

సన్నగా, కీచుగా ఒక చప్పుడు వచ్చి మధ్యలో తెగిపోయింది. ఆయన భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆయన పెదవి ఒకసారి సర్దుకుని మళ్ళీ పట్టాడు. ఈసారి చప్పుడు తెగలేదు. వరండా మొత్తం ఇటు తిరిగింది.

లోపలి నుంచి తెల్లకోటు ఒకటి విసురుగా వచ్చింది. పెద్ద డాక్టరులా ఉన్నాడు. "ఎవరయ్యా అది? ఇది ఆసుపత్రి అనుకున్నావా, పెళ్ళిపందిరి అనుకున్నావా? ఆపు!"

నేను ఏదో చెప్పబోయాను. సన్నాయి ఆయన నన్ను చేత్తో పక్కకు జరిపాడు. రెల్లు ముక్క నోట్లోంచి తీసి, చేతులు కట్టుకోకుండా, తల వంచకుండా ఆ డాక్టరు మొహంలోకి చూశాడు.

"ఆపనండి" అన్నాడు. "ఇది నా పన్ను. పని చేస్తందో లేదో చూసుకునే వెళ్తా."

అని మళ్ళీ ఊదాడు.